సమస్యాపూరణం: “అన్నమిడినవారి నణచె నతడు”

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఇదిగో.

*అన్నమిడినవారి నణచె నతడు*

వినగానే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడు గుర్తొస్తాడు కదా. పూరించాక ఆ నింద అతనికి అంటకూడదు. విషయం ఐస్ హాకీ. ఆటగాళ్ళను జట్లు మార్చుకోవడం గానీ, ఎవరికో అనుకోకుండా కలిసొచ్చిన అదృష్టం గానీ ఉండాలి. కర్ణుణ్ణీ విభీషణుణ్ణీ ఈసారికి వదిలేయండి, వాళ్ళ మీద ఇప్పటికే చాలా వచ్చాయి.

మిసిసాగ మావయ్య:
సమస్య చూడగానే నాకు తట్టింది ఒక్కడే.

*మంచు నునుపు సేయు మామూలు బంటుకు*
*దక్కె వలను గాచు తరుణ మొకటి;*
*పక్కు లెనిమి దాపె, పంచన నిలబెట్టి*
*యన్నమిడినవారి నణచె నతడు.*

డేవిడ్ ఎయిర్స్. 2020 ఫిబ్రవరి 22, టొరంటో. మా టొరంటో జట్టు లీఫ్స్ మీద ఆడుతున్న కరోలినా జట్టుకు వల కాసే గోలీలు రైమర్, మ్రాజెక్ ఇద్దరూ దెబ్బతిని బయటికెళ్ళారు. అలాంటప్పుడు ఏ జట్టుకైనా దిగడానికి అప్పట్లో ఆతిథ్య జట్టు ఒక అత్యవసర గోలీని సిద్ధంగా ఉంచేది. ఆ రోజు ఉన్నవాడు ఇతను. వయసు 42, మంచును నునుపు చేసే జాంబోనీ బండి నడిపేవాడు, లీఫ్స్ సాధన చేసేటప్పుడు వాళ్ళకే వల కాసేవాడు. 2004లో తల్లి కిడ్నీ ఇస్తే నిలబడ్డ మనిషి. పక్కు అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే బిళ్ళ. వచ్చిన మొదటి రెండు షాట్లూ వలలోకి వెళ్ళాయి. ఆ తరవాత వచ్చిన ఎనిమిదీ ఆపేశాడు. కరోలినా 6-3తో గెలిచింది. ఓడింది నా జట్టే అయినా ఆ రాత్రి నేను అతని కోసమే చప్పట్లు కొట్టాను. అందులో ద్రోహమేముంది? నిలబడమన్న చోట నిలబడ్డాడు.

యతిమైత్రి:
భావం చాలా బాగుంది. “పంచన నిలబెట్టి” అన్నది మరీ బాగుంది. కానీ మూడో పాదంలో “ఎనిమిదాపె” ఎలా కుదిరింది మావయ్యగారూ? ఎనిమిది + ఆపె, యడాగమం వచ్చి “ఎనిమిదియాపె” కావాలి. ఇకారానికి సంధి జరిగే ఏమ్యాదుల్లో (ఏమి, మఱి లాంటి మాటల్లో) ఎనిమిది లేదు. యకారం పెడితే గణం పోతుంది. అక్కడే జారారు.

మిసిసాగ మావయ్య:
అక్కగారు ఎనిమిది షాట్లు ఆపినవాణ్ణి చూడలేదు, ఒక్క యకారాన్ని చూశారు. సరే, అడిగారు కాబట్టి:

*పక్కు లెనిమిదింటి పరుగాపె, దరిజేర్చి*
*యన్నమిడినవారి నణచె నతడు.*

యతిమైత్రి:
ఇది మొదటిదానికన్నా ఎంతో మేలు. “పరుగాపె” వచ్చాక పాదానికి వేగం వచ్చింది. పోయినసారి హాకీ దిగ్గజం గ్రెట్స్కీ మీద మీరు రాసిన పూరణానికి కూడా చెప్పగానే ఇలా సవరించి ఉంటే గొడవే ఉండేది కాదు.

డెన్వర్‌వాసి:
గ్రెట్స్కీ గొడవ మళ్ళీ మొదలయ్యేలోపు నాది పెట్టేస్తాను. ఇది నా మనసుకు తగిలిన దెబ్బ.

*కప్పు దెచ్చువాని కాసుకై యమ్మిరి*
*రెండు నెలల లోన రెండు సార్లు;*
*ఏడవదగు నాట నేడ్పించె, మూడిట*
*నన్నమిడినవారి నణచె నతడు.*

మిక్కో రాంటానెన్. 2015 డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళను వరసగా ఎంచుకునేటప్పుడు, మా కొలరాడో జట్టుకు పదోవాడిగా తెచ్చుకున్నాం, మా చేతుల్లో పెరిగాడు, 2022లో స్టాన్లీ కప్పు తెచ్చాడు. జీతం దగ్గర బేరం కుదరక 2025 జనవరి 24న కరోలినాకు పంపేశారు. అక్కడా ఒప్పందం కుదరలేదు, మార్చి 7న డాలస్ చేరాడు. 8 ఏళ్ళకు 9.6 కోట్ల డాలర్లు. సరిగ్గా మాకే ఎదురుపడ్డాడు. మే 3, సిరీస్ తేల్చే ఏడో ఆట, చివరిదైన మూడో పీరియడ్‌లో మేం 2-0తో ముందున్నాం. ఆ ఒక్క పీరియడ్‌లోనే మూడు గోల్స్ కొట్టి, ఇంకొకటి కొట్టించి 4-2తో మమ్మల్ని ఇంటికి పంపాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఎవరు వెళ్ళగొట్టారో వాళ్ళ మీదే వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

మిసిసాగ మావయ్య:
“ఏడవదగు నాట”! ఏడో ఆటా అదే, ఏడవాల్సిన ఆటా అదే. మధ్యలో “న” చేర్చే నుగాగమం కూడా కలిసొచ్చింది. ఈ పాదం దగ్గర నేను ఆగిపోయాను తమ్ముడూ. యకారాలు లెక్కపెట్టేవాళ్ళు దీని ముందు ఓ నిమిషం నిలబడాలి.

యతిమైత్రి:
నిలబడ్డాను, మనసారా మెచ్చుకుంటున్నాను కూడా. అయితే “అమ్మిరి” అన్న క్రియకు కర్త ఎవరు? కొలరాడో పంపింది ఒక్కసారే. రెండోసారి పంపింది కరోలినా. పద్యంలో రెండు పాపాలూ ఒకళ్ళ నెత్తినే పడ్డాయి. కోపం ఉండవచ్చు గానీ కర్త మారకూడదు.

డెన్వర్‌వాసి:
నిజమే అక్కా. ఇలా మారుస్తున్నాను.

*కప్పు దెచ్చువాడు కాసుకై చేతులు*
*రెండు నెలల లోన రెండు మారె;*

యతిమైత్రి:
ఇప్పుడు ముత్యం. “అమ్మిరి”లో ఫిర్యాదు ఉండేది, “చేతులు మారె”లో అతని అవస్థ కనిపిస్తోంది.

మిసిసాగ మావయ్య:
అక్కగారి నోట ముత్యం అన్న మాట రావడం చూశాం. నా “వేను నమ్మి జట్టు వీధిపాలాయెను” పాదానికి మాత్రం ఆనాడు ఒక్క మెచ్చుకోలూ రాలేదు. వేను అంటే వేన్ గ్రెట్స్కీయే. వేనున్ అమ్మి అనీ, వేనును నమ్మి అనీ రెండు విధాలా చదవొచ్చు. 1988 ఆగస్టు 9న ఎడ్మంటన్ గ్రెట్స్కీని లాస్ ఏంజెలిస్‌కు ఇచ్చేసి 1.5 కోట్ల డాలర్లు పుచ్చుకుంది. ఊరు ఊరంతా ఏడ్చింది. ఆ పాదంలో తప్పేముంది?

యతిమైత్రి:
శ్లేషలో తప్పు లేదని అప్పుడూ చెప్పాను. తప్పు “వీధిపాలాయెను”లో ఉంది. గ్రెట్స్కీ లేకుండానే 1990లో అదే ఎడ్మంటన్ కప్పు ఎత్తింది. కప్పెత్తిన జట్టును వీధిలో ఎలా నిలబెడతారు? యతి కోసం చరిత్రను బలిపెట్టారు.

మిసిసాగ మావయ్య:
మరి 1989? మొదటి రౌండ్‌లో 3-1తో వెనకబడి కూడా ఏడు ఆటల్లో ఎడ్మంటన్‌ను ఇంటికి పంపింది గ్రెట్స్కీ కొత్త జట్టే. ఆ ఏడాదికి నా పాదం అక్షరాలా నిజం.

పాతగోలీ:
మీ ఇద్దరూ సగం సగం నిజం పట్టుకుని లాగుతున్నారు. 1989 మావయ్యది, 1990 అమ్మాయిది. కానీ ఆ 1990 కప్పు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఇద్దరూ మరిచారు. ఈ వారం సమస్యకు అసలైన మనిషి అతనే.

*మోగు కోస మమ్మె ముందుగా బోస్టను;*
*ఫ్యూరు గాయపడఁగఁ బోరు దక్కెఁ;*
*గప్పుపోరు నాఁడు కంచుకోటగ నిల్చి*
*యన్నమిడినవారి నణఁచె నతఁడు.*

బిల్ రాన్‌ఫర్డ్. 1985లో అతన్ని ఎంచుకున్నది బోస్టన్. 1988 మార్చిలో ఎడ్మంటన్ గోలీ ఆండీ మోగ్ కావాలని ఇతన్నీ కోర్ట్‌నాల్ అనే ఆటగాణ్ణీ ఆ జట్టుకు ఇచ్చేసింది. అక్కడ గ్రాంట్ ఫ్యూర్ ఉండగా ఇంకొకరికి వల దొరకడం కల్ల. ఫ్యూర్ భుజం దెబ్బతినడంతో దారి తెరుచుకుంది. ఫైనల్లో ఎదురైంది బోస్టనే. మొదటి ఆట మూడు ఓవర్‌టైముల దాకా సాగింది, అంతసేపూ అతను ఆ వల వదలలేదు. చివరికి ఎడ్మంటన్ ఆటగాడు క్లీమా గోల్‌తో 3-2. సిరీస్ 4-1. కప్పుపోరులో అందరికన్నా బాగా ఆడినవాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ రాన్‌ఫర్డ్‌కే ఇచ్చారు. చేయి మారడం, అదృష్టం కలిసిరావడం, అన్నమిడినవారిని అణచడం, మూడూ ఒక్కడి బతుకులోనే ఉన్నాయి. ఎయిర్స్‌ది ఒక్క రాత్రి. ఇతను ఆ వసంతమంతా నిలబడ్డాడు.

డెన్వర్‌వాసి:
మాస్టారూ, “కంచుకోటగ నిల్చి” చదువుతుంటే వల ముందు మోకాళ్ళు దించి, గ్లవ్ చాచి ఉన్న మనిషి కనిపించాడు. ఈ వారానికి ఇదే నా ఓటు.

మిసిసాగ మావయ్య:
నా ఎయిర్స్‌ను ఒక్క రాత్రి అని తీసేయడం మాత్రం ఒప్పుకోను. ఆ ఒక్క రాత్రి కోసం అతను ఎన్ని సాధనల్లో ఊరికే షాట్లు తిన్నాడో ఆలోచించండి. పద్యం మాత్రం మాస్టారిదే పై చేయి.

యతిమైత్రి:
యతులూ సరళాదేశాలూ అన్నీ కుదిరాయి, వెతికినా ఏమీ దొరకలేదు. ఒక్క సందేహం. ఆ ఫైనల్లో బోస్టన్ వలలో నిలబడ్డది మోగే కదా? అతనికి మొదట అన్నమిడింది ఎడ్మంటన్. అతనూ వాళ్ళను అణచాలనే వచ్చాడు. పద్యంలో అతని పేరు ఉంది గానీ అతని గోడు లేదు.

పాతగోలీ:
నాలుగు పాదాల్లో ఇద్దరు గోలీలు పట్టరమ్మా. మోగ్ గోడుకు ఈ సమస్య చాలదు, వేరే పాదం కావాలి.

మిసిసాగ మావయ్య:
వేరే దాకా ఎందుకు మాస్టారూ? ఇదే పాదాన్ని తిప్పితే సరి.

*అన్నమిడినవారె యణచి రతని*

యతిమైత్రి:
గణాలూ యతీ సరిపోయాయి. మావయ్యగారూ, ఇది చాలా బాగుంది. ఇంకేమీ అనను.

నిర్వాహకులు:
తీసుకున్నాను. వచ్చే శనివారం సమస్య ఇదే. మోగ్ మీద రాసే హక్కు మొదట మావయ్యగారిది, మిగతావాళ్ళు వేరే ఆటగాణ్ణి చూసుకోండి.