కల్పక్కంలో అణు భద్రతా పరిశోధన: అమ్మాయిని పంపవచ్చునా, మేము వెళ్లి చూడవచ్చునా?

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక తండ్రి):

మా అమ్మాయి ఇక్కడ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం పూర్తి చేయబోతున్నది. అణు విద్యుత్ కేంద్రాల భద్రత మీద పరిశోధన చేయాలనీ, అందుకు తమిళనాడు సముద్ర తీరంలోని కల్పక్కం వెళ్లాలనీ పట్టుదలగా ఉన్నది. అక్కడ ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంతో పాటు, అణుశక్తి నియంత్రణ మండలి 1999లో నెలకొల్పిన భద్రతా పరిశోధన సంస్థ కూడా ఉన్నదని తనే వివరాలు సేకరించి మాకు చెప్పింది. మా అమ్మగారు మాత్రం, పెళ్లి కావలసిన పిల్లను రేడియేషన్ ఉన్న చోటికి ఎలా పంపుతారని అన్నం కూడా సరిగా తినడం లేదు. అక్కడ చేసే పని నిజంగా ఎటువంటిది, ప్రవేశం ఎలా దొరుకుతుంది, తల్లిదండ్రులుగా మేము ఒకసారి లోపలికి వెళ్లి చూడటానికి వీలుంటుందా అన్నది తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (చిత్తూరు, విశ్రాంత ఉద్యోగి):

అయ్యా, అణుశక్తి విభాగంలో రేడియేషన్ పర్యవేక్షణ పనిలోనే ఉండి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, ముందు మీ తల్లిగారి మాటకే జవాబు చెబుతాను. మన దేశంలో రేడియేషన్‌తో పనిచేసే ఉద్యోగికి అందే మోతాదు ఐదేళ్లకు కలిపి 100 మిల్లీసీవర్టులు (శరీరానికి అందిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) దాటకూడదు, అందులో ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. సాధారణ ప్రజల విషయంలో ఆ హద్దు ఏడాదికి 1 మాత్రమే. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి సహజంగా అందేది ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు. ఆసుపత్రిలో కడుపుకు తీసే ఒక సీటీ స్కాన్‌తో దాదాపు 10 వరకు అందవచ్చు. ఉద్యోగి ఛాతీ మీద ధరించే, మోతాదును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జిలోని బిళ్లలను వేడి చేస్తే, అందిన రేడియేషన్ ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ కాంతిని అవి వెలువరిస్తాయి. ఆ లెక్క ఎవరిది వారి పేరుమీద, ఉద్యోగకాలమంతా భద్రపరుస్తారు. గర్భం దాల్చిన ఉద్యోగిని ఆ సంగతి తెలియజేసిన నాటి నుంచి గర్భస్థ శిశువుకు వేరుగా, మరింత కఠినమైన హద్దు అమలవుతుంది. హిరోషిమా, నాగసాకి బాధితులకు ఆ తరువాత పుట్టిన పిల్లలను దశాబ్దాలుగా పరిశీలించినవారికి కూడా వంశపారంపర్య వ్యాధులు పెరిగినట్లు స్పష్టమైన ఆధారం దొరకలేదు. ఈ చివరి సంగతిని పెద్దావిడకు తప్పక చెప్పండి, ఎందుకంటే ఆమె నోరు తెరిచి చెప్పకపోయినా ఆమె మనసులో ఉన్న భయం అదేనని నా నమ్మకం.

ఇక పని గురించి. భద్రతా పరిశోధన అనగానే మండుతున్న ఇంధనం పక్కన నిలబడి చేసే పనిగా ఊహిస్తారు కానీ, అందులో చాలా భాగం గణన, మిగిలిన దానిలో ఎక్కువ భాగం రేడియోధార్మికత లేని పదార్థాలతో జరిగే ప్రయోగాలు. ఇంధన కడ్డీలకు బదులు విద్యుత్తుతో వేడెక్కే కడ్డీలను, కొన్నిచోట్ల రియాక్టరులోని వేడిని మోసుకుపోయే ద్రవ సోడియానికి బదులు నీటిని వాడి ప్రవాహాన్ని, ఉష్ణాన్ని కొలుస్తారు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. రియాక్టరును ఆపివేసినా దానిలోని వేడి ఆగదు. ఆపిన క్షణాన పూర్తి శక్తిలో సుమారు 7 శాతం ఇంకా పుడుతూనే ఉంటుంది, తరువాత వేగంగా తగ్గుతుంది. కల్పక్కంలోని నమూనా ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు (వాడిన ఇంధనం కంటే ఎక్కువ కొత్త ఇంధనాన్ని పుట్టించే రకం) విద్యుత్ సామర్థ్యం 500 మెగావాట్లు, దానికి కావలసిన ఉష్ణశక్తి 1250 మెగావాట్లు కనుక, ఆ 7 శాతమే 87 మెగావాట్లు దాటుతుంది. 2011లో ఫుకుషిమాలో రియాక్టర్లు భూకంపం రాగానే సక్రమంగానే ఆగాయి. సునామీతో విద్యుత్తు పోయి ఈ మిగులు వేడిని తొలగించలేకపోవడం వల్లనే ఇంధనం కరిగింది. అందుకని కల్పక్కం రియాక్టరులో పంపులు తిరగకపోయినా, వేడెక్కిన సోడియం తనంత తానే పైకి లేచి, చల్లబడి కిందికి దిగే సహజ ప్రసరణతో పనిచేసే నాలుగు వలయాలను, ఒక్కొక్కటి 8 మెగావాట్ల వేడిని గాలిలోకి వదిలేటట్లు అమర్చారు. తొలి గంటలలో ఎక్కువగా పుట్టే వేడిని పాత్రలోని 1150 టన్నుల సోడియం తనలో దాచుకుంటుంది. ఇది కాగితం మీద సరిపోతే చాలదు. నిజంగా ప్రవహిస్తుందా, ఒక వలయం పనిచేయకపోతే ఏమవుతుంది అన్నది ప్రయోగంతో నిరూపించాలి. మీ అమ్మాయి చేయదలచినది ఇటువంటి పని. ప్రమాదమే లేదని నేను అనను: సోడియం గాలి తగిలితే మండుతుంది, నీరు తగిలితే తీవ్రంగా చర్య జరుపుతుంది. కానీ ఆ మంటను ఎలా గుర్తించాలి, ఎలా ఆర్పాలి అన్నది కూడా అక్కడి పరిశోధనాంశమే.

జవాబు (పుత్తూరు, అధ్యాపకురాలు):

సందర్శన సంగతి నేను చెబుతాను. కుటుంబ సభ్యులు ఇష్టం వచ్చినప్పుడు వెళ్లి లోపల చూసే వీలుండదు. కళాశాలలు మాత్రం ప్రధానాచార్యుల లేఖతో, విద్యార్థుల పేర్లు, గుర్తింపు పత్రాల వివరాలు ముందుగా పంపి అనుమతి కోరవచ్చు. సెల్‌ఫోన్లు, కెమెరాలు లోపలికి అనుమతించరు. రేడియేషన్ ప్రాంతంలోకి వెళ్లవలసి వస్తే వెంట ఉద్యోగి ఉంటారు, మోతాదు కొలిచే సాధనం ఇస్తారు, బయటికి వచ్చేటప్పుడు చేతులు, పాదాలు యంత్రం మీద ఉంచి పరీక్షించుకోవాలి. మా పిల్లలను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ యంత్రమే.

మీరు మాత్రం ఉద్యోగుల నివాస ప్రాంతం, బడి, ఆసుపత్రి ఉండే పరిసరాలను చూసి రండి. పరిశోధకుల కుటుంబాలు అక్కడే పిల్లాపాపలతో నివసిస్తున్నాయని కళ్లారా చూస్తే అమ్మగారి మనసు కుదుటపడుతుంది, వీలైతే ఆమెను కూడా తీసుకువెళ్లండి. తిరుపతి నుంచి పుదుచ్చేరి వెళ్లే రైలులో చెంగల్పట్టులో దిగితే, అక్కడి నుంచి తిరుక్కళుక్కుండ్రం మీదుగా కల్పక్కానికి బస్సులు ఉంటాయి. చెన్నై చుట్టు తిరిగి పోనక్కరలేదు.

జవాబు (గాదంకి దగ్గరి పరిశోధక విద్యార్థి):

సార్, ప్రవేశానికి ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి. భాభా అణు పరిశోధన కేంద్రం శిక్షణ పాఠశాల ఏడాది కార్యక్రమానికి గేట్ మార్కులతో గానీ వారి ఆన్‌లైన్ పరీక్షతో గానీ ఇంటర్వ్యూకు ఎంపిక చేస్తారు. కల్పక్కంలోనూ ఆ పాఠశాల శాఖ నడుస్తున్నది, ముగించినవారు సైంటిఫిక్ ఆఫీసరుగా చేరతారు. చదువులో 60 శాతం మార్కులు, వయోపరిమితి వంటి నిబంధనలను ఆ ఏటి ప్రకటనలోనే సరిచూసుకోవాలి. రెండవది నెట్, గేట్, జెస్ట్ వంటి అర్హతతో హోమీ భాభా జాతీయ సంస్థ కింద పీహెచ్‌డీ.

అమ్మాయికి రియాక్టరు భౌతికశాస్త్రం ఒక్కటే మార్గం కాదని కూడా చెప్పండి. మన గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 53 మెగాహెర్ట్జ్ రాడారుతో గాలి కదలికలను కొలుస్తారు కదా, అదే విద్య అణు భద్రతకు ప్రాణాధారం. తీరంలో పగటిపూట సముద్రపు గాలి లోపలికి వీచినప్పుడు, నేల వేడికి కింద ఒక కల్లోలపు పొర ఏర్పడి తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. పొగగొట్టం నుంచి వెలువడినది ఆ పొరను తాకిన చోట ఒక్కసారిగా నేలకు దిగవచ్చు. అందువల్ల అత్యవసర స్థితిలో ఏ గ్రామాన్ని ముందు హెచ్చరించాలన్నది దూరాన్ని బట్టి మాత్రమే కాక, ఆ గంటలో గాలి నడతను బట్టి కూడా నిర్ణయించవలసి వస్తుంది. వాతావరణ శాస్త్రం మీద ఆసక్తి ఉంటే ఎమ్మెస్సీ ప్రాజెక్టును గాదంకిలో చేయడానికి దరఖాస్తు పెట్టుకోమనండి. ఇంటి దగ్గరే మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. పెద్దాయన చెప్పిన మాటలు మా అమ్మగారికి చదివి వినిపించాను. 2004 సునామీలో కల్పక్కం ఏమైందని ఆమె వెంటనే అడిగారు.

జవాబు (చిత్తూరు, విశ్రాంత ఉద్యోగి):

అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఆనాడు కల్పక్కంలోనే ఉన్న మద్రాసు అణు విద్యుత్ కేంద్రంలో రెండవ యూనిట్ నడుస్తున్నది. సముద్రపు నీరు పంపు గృహంలోకి చేరి పంపులు ఆగిపోయాయి, సిబ్బంది రియాక్టరును సురక్షితంగా ఆపివేశారు, రేడియోధార్మికత బయటికి రాలేదు. నేను పైన చెప్పిన ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు కోసం తవ్విన పునాది గుంత నీటితో నిండిపోయింది. ఉద్యోగుల నివాస ప్రాంతంలో మాత్రం అలల వల్ల ప్రాణనష్టం జరిగింది. ఈ సంగతులను ఆమె దగ్గర దాచకండి. అమ్మాయి అక్కడ చేరితే నివాసం తీరానికి ఎంత దూరంలో ఇస్తారో, సునామీ హెచ్చరిక వస్తే ఎటు వెళ్లాలో చేరిన వారంలోనే అడిగి తెలుసుకోమని చెప్పండి.