అలారం మోగితే సీట్లోంచి లేవలేకపోయా, పైగా ఫ్లోర్ వార్డెన్‌ని నేనే

సీటుకి అతుక్కున్నోడు:
హాయ్ అండి, రాయడానికే సిగ్గుగా ఉంది కానీ ఎవరికైనా చెప్పుకోవాలి. మాది మాదాపూర్‌లో ఒక ఆఫీసు, ఏడో అంతస్తు, 140 మంది దాకా కూర్చుంటాం. పోయిన మంగళవారం సాయంత్రం ఎవరో ఓవెన్‌లో కర్రీ పఫ్ పెట్టి మర్చిపోయారు, అది మాడి పొగొచ్చి ఫైర్ అలారం మోగింది. పఫ్ సంగతి తర్వాత తెలిసింది, మోగేటప్పుడు మాత్రం ఎందుకు మోగుతోందో ఎవడికీ తెలీదు. నేనేం చేశానో తెలుసా, కాల్ మ్యూట్‌లో పెట్టి పక్కోడి మొహం చూశా, వాడు నా మొహం చూశాడు, ఇద్దరం నవ్వుకున్నాం. ఈ ఒక్క మెయిల్ కొట్టేసి లేద్దాంలే అనుకున్నా. లోపల గుండె దడదడలాడుతోంది, చేతులు మాత్రం టైప్ చేస్తూనే ఉన్నాయి, కాళ్లు లేవట్లేదు. అలా మూడు నాలుగు నిమిషాలు.

అసలు ట్విస్ట్ ఏంటంటే మా ఫ్లోర్‌కి ఫైర్ వార్డెన్‌ని నేనే, అంటే అలారం మోగితే అందర్నీ లేపి కిందికి దింపాల్సింది నేనే. జాకెట్ నా డ్రాయర్‌లోనే ఉంది, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు. ట్రైనింగ్ అంటే గంటసేపు స్లైడ్లు, చివర్లో క్విజ్, 10కి 9 వచ్చాయి నాకు. ఆఖరికి హౌస్‌కీపింగ్ అక్క వచ్చి "ఏంది సార్ ఇంకా కూసున్నరు, లేవుండ్రి" అని అరిస్తే అప్పుడు లేచాం అందరం. నిజంగా మంటలే అయ్యుంటే? నేను పిరికోడినా, లేక అందరికీ ఇలాగే అవుతుందా?

హన్మకొండ లెక్చరర్:
పిరికితనం కాదు బాబూ. నేను డిగ్రీ పిల్లలకి సైకాలజీ చెప్తా, మీరు రాసింది చదువుతుంటే మా క్లాసులో చెప్పే పాఠమే గుర్తొచ్చింది. 1968లో లాటానే, డార్లీ అని ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. కుర్రాళ్లని గదిలో కూర్చోబెట్టి ఫారం నింపమన్నారు, కాసేపటికి గోడలో సందులోంచి పొగ వదిలారు. ఒక్కడే ఉన్నప్పుడు 75 శాతం మంది లేచెళ్లి చెప్పారు. అదే పక్కన ఏమీ పట్టనట్టు నటించే ఇద్దర్ని కూర్చోబెడితే చెప్పినవాళ్లు 10 శాతమే, మిగతావాళ్లు పొగని చేత్తో తోలుకుంటూ, కళ్లు నులుముకుంటూ ఫారాలు నింపుతూ కూర్చున్నారు!! మీరూ పక్కాయనా నవ్వుకున్నారే, సరిగ్గా అదే. ఆయన నవ్వు చూసి మీరు ఏం లేదనుకున్నారు, మీ నవ్వు చూసి ఆయన అదే అనుకున్నాడు.

సినిమాల్లో చూపిస్తారు చూడండి, అలారం మోగగానే జనం కేకలేస్తూ తొక్కుకుంటూ పరిగెత్తడం, మొదటి నిమిషాల్లో మామూలుగా అలా ఏం జరగదు. బ్యాగ్ సర్దుకోవడం, చార్జర్ తీసుకోవడం, ఎవరో ఒకరు చెప్తారులే అని ఆగడం, టైమంతా అక్కడే పోతుంది. బుర్రకి ఇలాంటప్పుడు కొత్త ప్లాన్ వెయ్యడం చేతకాదు, ముందు ఎప్పుడైనా ఒంటితో చేసిన పని ఉంటే అది గుర్తొస్తుంది, లేదంటే అంతకుముందు చేస్తున్న పనే చేస్తూ పోతుంది. స్లైడ్లు చూసింది కళ్లు, కాళ్లు కాదు కదా.

డెడ్‌లైన్ దాసు:
మా బిల్డింగ్‌లో నెలకి మూడుసార్లు ఊరికే మోగుద్ది బాసూ, ప్రతిసారీ 11 అంతస్తులు దిగి ఎక్కమంటారా? రిలీజ్ ఎవడు చూస్తాడు మరి. ఓవర్ చేస్తున్నారు.

జీడిమెట్ల పోరడు:
దాసన్నా గట్లనకు. సికింద్రాబాద్ స్వప్నలోక్‌ల అగ్గి అంటుకున్నది యాదికున్నదా, 2023 మార్చి 16. గది కూడ ఆఫీసులున్న కాంప్లెక్సే, సాయంత్రం పని చేసుకుంట ఉన్నోళ్లే. ఆరుగురు పోయిన్రు, అందరు వయసు పిల్లలే, ఊర్లకెళ్లి నౌకరీ కోసం వచ్చినోళ్లు. మంటల కాలి కాదు, పొగతోని ఊపిరాడక. నువ్వు 11 అంతస్తులు దిగుడు గురించి ఆలోచిస్తున్నవ్, పొగ నిండినంక మెట్లెక్కడున్నయో కూడ కనవడదు.

పరవాడ బి షిఫ్ట్:
దాసు గారు చెప్పిందాంట్లో కూడా పాయింట్ ఉంది గురూ. ఊరికే మోగి మోగి జనానికి అలవాటైపోతే అసలుది మోగినా కదలరు. దానికి మందు దిగడం మానెయ్యడం కాదు, వంటింటి దగ్గర స్మోక్ డిటెక్టర్ పీకించి వేడికి మోగేది పెట్టించడం, మీ అడ్మిన్‌ని అడగండి.

నేను ఫార్మా ప్లాంట్‌లో సేఫ్టీలో చేస్తా. ప్రమాదకర రసాయనాలు పెద్ద మోతాదులో ఉన్న ఫ్యాక్టరీలకి 1989 నాటి కేంద్ర రూల్స్ ప్రకారం ఆర్నెల్లకోసారి మాక్ డ్రిల్ చెయ్యాలి. చేస్తారు కూడా, ఎలా అంటే వారం ముందే టైము చెప్పేస్తారు, పొద్దున్న టీ అయ్యాక, హెల్మెట్లు తుడుచుకుని, గ్రూప్ ఫోటో దిగి సంతకాలు. ఇదివరకు నేను చేసిన ప్లాంట్‌లో ఓసారి మేనేజర్‌ని బతిమాలి నైట్ షిఫ్ట్‌లో రెండున్నరకి చెప్పకుండా సైరన్ కొట్టించాను. సగం మంది అసెంబ్లీ పాయింట్‌కి, అంటే అందరూ చేరాల్సిన చోటుకి, రాలేదు, బైకులు పెట్టిన గేటు దగ్గరికి పోయారు! రోజూ వచ్చే దారినే పోతాడు మనిషి, బోర్డు మీద బాణం గుర్తు ఎవడు చూస్తాడు. గ్యాస్ లీకైతే గాలికి ఎదురు పోకూడదు కదా, గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం, అదే విండ్ సాక్, దాని వైపు తలెత్తి చూసినోడు ఒక్కడు లేడు. ఎంతమంది బయటికొచ్చారో లెక్క తేలడానికి 22 నిమిషాలు పట్టింది, ఎందుకంటే కాంట్రాక్ట్ వాళ్ల పేర్లు లిస్టులోనే లేవు.

మా వైజాగోళ్లకి ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు లెండి. 2020 మే 7 తెల్లారగట్ల వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరై లీకై 12 మంది పోయారు, జనం నిద్రలో ఉన్నారు. సైరన్ నొక్కే పాయింట్లు 36 ఉన్నా ఒక్కటీ నొక్కలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే రాసింది.

నైట్ డ్యూటీ సిస్టర్:
తమ్ముడూ, నేను క్యాజువాల్టీలో నర్సుని. మొదటిసారి పేషెంట్ గుండె ఆగినప్పుడు నేనూ నీలాగే ట్రే పట్టుకుని నిలబడిపోయా, మా సీనియర్ సిస్టర్ తిట్టలేదు, పేరు పెట్టి పిలిచి "నువ్వు బల్ల ఎక్కి ఛాతీ నొక్కు" అంది, అంతే, చేతులు వాటంతటవే కదిలాయి. "ఎవరైనా డాక్టర్‌ని పిలవండమ్మా" అంటే ఎవరూ కదలరు, ఒకళ్లని చూపించి "నువ్వు, ఎర్ర చొక్కా, 112కి ఫోన్ చెయ్" అంటే పరిగెత్తుతారు. మీ అక్క చేసింది అదే కదా, సార్ లేవుండ్రి అని సూటిగా చెప్పింది. ఇంకోటి, తర్వాత నాలుగైదు రోజులు నిద్ర పట్టకపోయినా, ఆ శబ్దం గుర్తొచ్చినా కంగారు పడకు, మామూలే. అలాగే ఉండిపోతే మాత్రం డాక్టర్‌కి చూపించుకో.

ఎడిసన్ బావగారు:
న్యూజెర్సీ నుంచి. ఇక్కడ పాత ఆఫీసు వాళ్లు ఇప్పటికీ రిక్ రెస్కార్లా గురించి చెప్పుకుంటారు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ రెండో టవర్‌లో ఉండే మోర్గాన్ స్టాన్లీ అనే బ్యాంకులో సెక్యూరిటీ చీఫ్ ఆయన, 1993లో ఆ ట్రేడ్ సెంటర్ కింద బాంబు పేలాక మళ్లీ దాడి జరుగుతుందని పట్టుబట్టి ఉద్యోగులందర్నీ ఇద్దరిద్దరు చొప్పున మెట్లు దింపించేవాడు. పెద్ద పెద్ద ఆఫీసర్లు, నిమిషానికి లక్షలు సంపాదించేవాళ్లు, విసుక్కునేవారట. 2001 సెప్టెంబర్ 11న మొదటి టవర్‌కి విమానం తగిలాక రెండో టవర్ మైకులో ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి అన్నారు, ఈయన వినలేదు, చేతి మైకు పట్టుకుని దిగండి దిగండి అన్నాడు. దాదాపు 2,700 మంది బయటపడ్డారు. మిగిలినవాళ్ల కోసం మళ్లీ పైకెళ్లి ఆయన మాత్రం తిరిగి రాలేదు.

సీటుకి అతుక్కున్నోడు:
అందరికీ థ్యాంక్స్ అండి, సిస్టర్ గారికి మరీను, నిజంగానే రెండు రాత్రులు నిద్రలేదు. శనివారం ఆఫీసుకెళ్లి ఏడు అంతస్తులూ మెట్లు దిగా, ఉద్యోగంలో చేరిన మూడేళ్లలో మొదటిసారి. ఐదో అంతస్తు మలుపులో పాత కుర్చీలు, అట్టపెట్టెలు, ఒక్క మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టడు. కింద తలుపు జనరేటర్ వైపు తెరుచుకుంటుంది, దానికి గొలుసు, తాళం. తాళంచెవి ఏదీ అంటే సెక్యూరిటీ అన్న "నైట్ డ్యూటీ ఆయన దగ్గర ఉంటది సార్" అన్నాడు. ఫోటోలు తీసి అడ్మిన్‌కి పెట్టా. జాకెట్ కవర్ కూడా విప్పా, డబల్ ఎక్స్ఎల్, నాలాంటోళ్లు ఇద్దరు పడతారు.

ఆ అక్కని కూడా వార్డెన్‌గా వెయ్యమని అడిగితే మన పేరోల్ కాదు, ఏజెన్సీ మనిషి, కుదరదు అంటున్నారు. రూల్స్ పరంగా ఏం రాస్తే కాదనలేరో తెలిసినోళ్లు చెప్పండి, సోమవారం మళ్లీ మెయిల్ పెట్టాలి.