ఓపెన్ సోర్స్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి? పర్లాకిమిడి నుంచి అడుగుతున్నా

గట్టుమీద_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, బీసీఏ రెండో సంవత్సరం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లిష్, అందుకే మూడూ సగం సగమే వచ్చు. పైథాన్, కొంచెం జావాస్క్రిప్ట్ తెలుసు. ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే ప్రాజెక్టుల్లో, పనిచేస్తే ఉద్యోగాలప్పుడు పనికొస్తుందని సీనియర్లు అంటే అలాంటి కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లో అకౌంట్ తెరిచి, బాగా పేరున్న ప్రాజెక్టు పట్టుకుని మూడు వారాలు కోడ్ చదివాను, ఒక్క ముక్క ఎక్కలేదు. ఆఖరికి రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం ఫైలు) కామా ఒకటి సరిచేసి పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోండని అడగడం) పంపితే పది నిమిషాల్లో 'స్పామ్' అని లేబుల్ తగిలించి మూసేశారు. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు. ఉన్నది 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్, నెట్ ఫోన్ హాట్‌స్పాట్ మీదే. మీరైతే ఎలా మొదలుపెట్టారు?

బరంపురం_బావ:
తమ్ముడూ, ఆ స్పామ్ లేబుల్ నీ మీద కోపం కాదు. హాక్టోబర్‌ఫెస్ట్ అని ఏటా అక్టోబర్లో ఓపెన్ సోర్స్ పండగ ఒకటుంది; 2020లో దాని టీషర్టు కోసం జనం ఇలాంటి కామాలు, చుక్కలే కుప్పలుగా పంపారు. ప్రాజెక్టులు నడిపేవాళ్లు గగ్గోలు పెడితే, పాల్గొంటామని ఒప్పుకున్న ప్రాజెక్టులకి పంపినవే లెక్క అని ఆ నెల్లోనే రూలు మార్చారు. అప్పట్నుంచి కామా కనిపిస్తే చాలు వాళ్లకి ఒళ్లుమంట.

పేరున్న ప్రాజెక్టు వదిలేయ్. నువ్వు రోజూ వాడేదాంట్లో నీకు చిరాకు తెప్పించేది పట్టుకో. నా మొదటిది చెబుతా. బ్రౌజర్లో నడిచే చిన్న నోట్స్ ఆప్, శీర్షిక పది అక్షరాలు దాటితే కోసేసేది. 'పర్లాకిమిడి' అని రాస్తే 'పర్లాకిమిడ' అని చూపించేది. మనం లెక్కపెడితే అయిదే అక్షరాలు కదా, కంప్యూటర్‌కి మాత్రం పదకొండు: ఒక్క 'ర్లా'లోనే ర, పొల్లు, ల, దీర్ఘం అని నాలుగు. చివరి 'డి' మీది గుడి పదకొండోది, అది ఎగిరిపోయింది. ఇంగ్లిష్ మాత్రమే టైప్ చేసేవాడికి ఇది ఎప్పటికీ కనబడదు. ఏం టైప్ చేశాను, ఏం వచ్చింది, ఏం రావాలి, ఏ బ్రౌజర్, ఇంతే, వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఆ ఆప్ గిట్‌హబ్ పేజీలో రాసి స్క్రీన్‌షాట్ పెట్టాను. 'నువ్వే సరిచేస్తావా?' అని అడిగాడు ఆ ఆప్ నడిపే ఆయన. జావాస్క్రిప్ట్‌లోనే ఇంటల్ డాట్ సెగ్మెంటర్ (Intl.Segmenter) అనే సాధనం ఉంది, అక్షరం నుంచి గుణింతాన్ని విడగొట్టకుండా లెక్కపెడుతుంది. మార్చింది మూడు లైన్లు, పట్టింది పదకొండు రోజులు, అందులో తొమ్మిది గిట్‌తో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) కుస్తీకే పోయాయి.

ప్రాణహిత_ఒడ్డు:
మాది సిరోంచ. నాకు కోడ్ రాదు, ముందే చెప్పేస్తున్నా. చదివింది మరాఠీలో, మాట్లాడేది తెలుగు. నేను చేసేది ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊళ్లకి తెలుగు పేర్లు పెట్టడం. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి ఎవరో పరలాఖేముండి అని రాశారనుకో, మీ అమ్మమ్మ అది తన ఊరేనని ఒప్పుకుంటుందా? ఫోన్లో ఆ మ్యాప్‌కి వివరాలు చేర్చే ఆప్ స్ట్రీట్‌కంప్లీట్ వేసుకుంటే నడుస్తుంటేనే అడుగుతుంది, ఈ రోడ్డు తారుదా మట్టిదా అని. ఒక్కటి గుర్తుంచుకో బాబూ, గూగుల్ మ్యాప్ చూసి కాపీ కొట్టకూడదు, లైసెన్సు ఒప్పుకోదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అనువాదం పాంటూన్ అనే సైటులో జరుగుతుంది, నీకు ఒడియా కూడా వచ్చు కాబట్టి అదీ చూడు.

కామా_ద్వేషి:
నేనూ ఒక చిన్న ప్రాజెక్టు చూసుకుంటా, ఇలాంటి లేబుళ్లు నేనూ తగిలించాను, ఏమనుకోకు. కాంట్రిబ్యూటింగ్ ఫైలు (ఆ ప్రాజెక్టులో ఎలా పనిచేయాలో చెప్పేది) చదివి, ఇష్యూ (చేయాల్సిన పని లేదా తప్పు గురించిన పోస్టు) కింద 'ఇది నేను చేయనా' అని అడిగి, జవాబు వచ్చాకే మొదలుపెట్టు. జవాబు రెండు వారాలైనా రాకపోవచ్చు, అందరిదీ ఉద్యోగం అయ్యాక చేసే పనే. ఏఐ రాసిచ్చిన కోడ్ నీకే అర్థం కాకుండా పంపితే మాత్రం దండం. హాట్‌స్పాట్ అంటున్నావు, గిట్‌తో కోడ్ దింపుకునేటప్పుడు (క్లోన్) డెప్త్ 1 (--depth 1) అని పెట్టు, పాత చరిత్ర అంతా దిగదు, డేటా మిగులుతుంది.

గట్టుమీద_కుర్రాడు:
రాత్రి ఆ మ్యాప్ తెరిచా. పాతపట్నం వెళ్లే రోడ్డు ఉంది, మా వీధే లేదు. ముందు గీయాలా, పేరు పెట్టాలా అక్కా?

ప్రాణహిత_ఒడ్డు:
గీయి. ఉపగ్రహం ఫొటో ఎడిటర్లోనే వస్తుంది, దాని మీద గీత లాగడమే. పేరు మాత్రం ఊహించి పెట్టకు, పొద్దున్నే వీధి బోర్డు చూసి రా.