పియానోపై ఎడమచేతి సి స్వరం కదలకపోతే కార్డ్‌లు నిండుగా వినిపిస్తాయా?

నల్లమెట్లు: సి, ఎఫ్, జి, సి అనే మామూలు కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) వరుసలో ఎడమచేయి కింది సి స్వరాన్నే పట్టుకుని ఉండగా కుడిచేయి కార్డ్‌లు మారుస్తూ పోతే, అదే వరుస ఎంతో నిండుగా వినిపిస్తుంది. పియానో విద్యార్థులకు ఇలా కార్డ్‌లు మారుతున్నా నిలిచి ఉండే స్వరాన్ని, అంటే పెడల్ టోన్‌ను మొదటి సంవత్సరంలోనే నేర్పాలని నా అభిప్రాయం.

మంద్రం: ఎఫ్ కార్డ్‌లో సి ఎలాగూ ఉంది కనుక అది రెండవ ఇన్వర్షన్ (కార్డ్‌లోని మూడో స్వరం అడుగుకు వచ్చిన రూపం) మాత్రమే, పెడల్ టోన్ కాదు. ఇక జి దగ్గర అందులోని బి, కింది సి ఒరుసుకుంటాయి. దానిని నిండుదనం అనలేను.

శ్రుతిపెట్టె: తంబురాలో షడ్జం కచేరీ అంతా మోగుతుంది, ఎవరూ కాదనరు.

మంద్రం: అక్కడ పైన కార్డ్‌లు మారవు.

కొత్తవిద్యార్థి: పియానో స్వరం త్వరగా ఆరిపోతుంది కదండీ?

నల్లమెట్లు: ప్రతి బార్‌కు, అంటే తాళం చుట్టు తిరిగిన ప్రతిసారీ, మళ్లీ నొక్కండి. మంద్రం గారూ, ఆ ఒరిపిడి కోసమే ఈ పద్ధతి. జర్మన్ స్వరకర్త బాఖ్ 1722 నాటి కీబోర్డు రచనల సంపుటి 'వెల్ టెంపర్డ్ క్లావియర్' మొదటి భాగంలోని సి మేజర్ ప్రెల్యూడ్‌లో 24వ బార్ నుంచి 8 బార్లు కింద జి నిలుస్తుంది, చివరి 4 బార్లలో సి నిలుస్తుంది. మీరు తప్పంటున్న జి కార్డే, ఎఫ్ స్వరం కూడా చేరి జి సెవెన్త్‌గా, 34వ బార్‌లో సరిగ్గా ఆ సి మీదే ఉంది. 35వ బార్‌లో సి కార్డ్ రాగానే కలిగే విశ్రాంతి దాని చలవే.

మంద్రం: ఎఫ్ సంగతికి మీరు జవాబు చెప్పలేదు. బాఖ్ పక్కన బేస్ గిటార్ కూడా లేదు. ఒక పెళ్లి కచేరీలో నేను బేస్ గిటార్‌పై సి, బి, ఎ అంటూ దిగుతుంటే కీబోర్డు వాయించే ఆయన సి మీదే కూర్చున్నారు. శ్రుతి తప్పింది నేనేనని నిర్వాహకులు అందరి ముందూ మందలించారు.

నల్లమెట్లు: అయితే మీ కోపం పెడల్ టోన్ మీద కాదు, ఆ కీబోర్డు ఆయన మీద.

మంద్రం: కాదు, కింది స్వరం ఎవరిదో నిర్ణయించకుండా ఎడమచేయి నేర్పే గురువుల మీద. ఒంటరిగా వాయించేవారు ఎన్ని బార్లయినా పట్టుకోవచ్చు, బృందంలో ఆ స్వరం నాది.

నల్లమెట్లు: బృందంలోనైతే పెడల్ టోన్‌ను కుడిచేతికి మార్చి, పైన జి పట్టుకోమంటాను.

పాటగత్తె: అది నేను పాడే చోటండీ.