పురుగు తక్కువ తిన్న సోయా రకం నిజంగా తట్టుకునే రకమేనా?

పచ్చాకు: పక్కపక్క వరుసల్లో వేర్వేరు సోయా రకాలు వేసి చూశాం. పొగాకు లద్దె పురుగు కొన్నిటిని జల్లెడాకులు చేసి పెట్టింది. ఒక రకం మాత్రం పచ్చగా నిలబడింది. దాన్ని తట్టుకునే రకం అని రాసెయ్యొచ్చు అంటాను. కళ్లెదుట కనిపిస్తున్నదానికి ఇంకా రుజువెందుకు?

లెక్కల మనిషి: ఎందుకంటే పురుగుకి అక్కడ ఎంచుకునే వీలుంది. పక్కనే మెత్తటి ఆకు దొరికితే దీన్నెందుకు ముట్టుకుంటుంది? రేపు చేనంతా ఇదే రకం వేస్తే ఆకలికి ఇదే తింటుంది. పెట్రీ డిష్‌లో (ల్యాబులో వాడే మూతున్న చిన్న పళ్లెం) తడి కాగితం పరిచి, ఒక్క రకం ఆకే పెట్టి, అప్పుడే పొదిగిన పిల్ల పురుగుల్ని వదలండి. బరువు పెరిగిందా, ఎన్ని ప్యూపా దశకు (రెక్కల పురుగయ్యే ముందు దశ) చేరాయి, ఎన్నాళ్లు పట్టింది అని చూడండి. ముదురు పురుగులతో మొదలుపెడితే తేడా సరిగ్గా తెలియదు. పొలంలో అయితే పక్కన పోల్చి చూడటానికి బాగా దెబ్బతినే రకం (చెక్) తప్పనిసరి. అది కూడా బాగుందంటే ఆ సీజన్లో పురుగే లేదన్నమాట.

గట్టుమీద: పెట్రీ డిష్ ఫలితం పొలం ఫలితం కాదండీ. తెంపిన ఆకు వేరు, మొక్కకున్న ఆకు వేరు. పురుగు కొరికాక మొక్క ఎదురుతిరిగి తయారుచేసుకునే రసాయనాలు తెంపిన ఆకులో అలాగే ఉంటాయన్న నమ్మకం లేదు. ఇంకోటి, నెమ్మదిగా పెరిగే పురుగు పరాన్నజీవులకూ పిట్టలకూ ఎక్కువ రోజులు దొరుకుతుంది. ఆ లాభం డిష్‌లో కనిపించదు.

అసలు ఆకునష్టం శాతాన్నే ఇంతగా పట్టుకోవడం నాకు నచ్చదు. పూతకు ముందు సోయా దాదాపు మూడో వంతు ఆకు పోయినా కోలుకోగలదు. కాయలో గింజ నిండేటప్పుడు 15-20 శాతం పోయినా దిగుబడి మీద పడుతుంది. ఒకే రకాన్ని మందు కొట్టిన మడిలో, కొట్టని మడిలో వేసి రెండు దిగుబడులూ పోల్చండి. అది చెప్పేదే నిజం.

పాత విత్తనం: దిగుబడి మాట వచ్చింది కాబట్టి పీఐ 229358 (అమెరికా విత్తన సేకరణలో ఒక సోయా విత్తనానికి ఇచ్చిన నంబరు) సంగతి చెప్పాలి. 1970ల మొదట్లో అమెరికాలో మెక్సికన్ బీన్ బీటిల్‌కు తట్టుకున్నట్టు తేలిన జపాన్ మూలపు విత్తనాల్లో అదొకటి. ఆకు తినే ఇతర పురుగుల్నీ ఆపగలదు. బ్రీడర్లు దశాబ్దాలుగా వాడుతున్నారు. అయినా ఆ జన్యువులతో పాటు దిగుబడి తగ్గించేవీ వచ్చేయడంతో రైతు దాకా చేరిన రకాలు తక్కువే. తట్టుకునే శక్తి ఒక్కటే చూస్తే ఇలాగే ఉంటుంది.

పచ్చాకు గారూ, మీ రకం మిగతావాటికంటే ముందు పూసిందా? పురుగు ఉధృతి వచ్చేలోపే దాని ఆకు ముదిరిపోయి ఉండొచ్చు.

పచ్చాకు: వారం ముందు పూసిన మాట నిజమే. కానీ వందల రకాలున్నప్పుడు ప్రతిదానికీ డిష్, రెండేసి మడులు ఎవరివల్ల అవుతుంది? కంటి చూపుతోనే మొదట ఏరాలి.

లెక్కల మనిషి: ఏరండి, అభ్యంతరం లేదు. ఒకే కాలానికి పూసే రకాల్ని ఒక గుంపుగా పెట్టి ఏరండి. "తట్టుకునే" అనే మాట మాత్రం ఇప్పుడే రాయొద్దు.

గట్టుమీద: ఏరేటప్పుడు బాగా తినేసినా దిగుబడి తగ్గని రకాల్ని తీసిపారేస్తారేమో, నా గొడవ అదీ.