సన్నని కాడలు, ఎర్రటి పళ్లు: ఈ ఎడారి పొద ఏమిటి?

ప్రశ్న:
డిసెంబరు చివర్లో అరిజోనాలోని టూసాన్ దగ్గర ఎడారిలో నడుస్తుంటే ఒక పొద కనిపించింది. నడుమెత్తు ఉంటుంది. ఆకులు లేవు. పెన్సిల్ కంటే సన్నని పచ్చటి కాడలు, వాటి నిండా ఎర్రటి చిన్న పళ్లు. తోటివారు చోయా (గొట్టాల్లాంటి కాడలుండే ముళ్ల కాక్టస్) అన్నారు. కానీ నేను చూసిన చోయాలన్నీ మణికట్టంత లావున్నవే. ఫోటో మసకగా వచ్చింది, క్షమించండి.

జవాబు:
కాడజెముడేమో. కాడలు అచ్చం అలాగే ఉంటాయి.

మరో జవాబు:
కాడజెముడుకు ముళ్లుండవు, గిల్లితే పాలు కారతాయి. అసలది కాక్టస్ కుటుంబమే కాదు. అయితే పాలు చూద్దామని ఆ పొదను తెంపకండి. అరిజోనాలో స్థానిక కాక్టస్‌లకు చట్టరక్షణ ఉంది. కాడ మీద నూగు చుక్కలు గమనించారా? వాటిని ఏరియోల్ అంటారు. కాక్టస్ ముళ్లు అక్కడి నుంచే పుడతాయి. ఒక్కో చుక్కకు ఎన్ని ముళ్లున్నాయి?

అడిగినవారు:
నేను తెంపలేదు గానీ, వేలెడు ముక్క ఒకటి బూటు తాడు పట్టుకుని ఇంటిదాకా వచ్చింది! చుక్కకు ఒకటే ముల్లు, బాగా పొడవు. పట్టకారుతో లాగితే ముల్లు మీది పొర కత్తి ఒరలా ఊడివచ్చింది.

జవాబు:
ఆ ఒర చోయా జాతుల గుర్తు. నాగజెముడు ముళ్లకు అది ఉండదు. మీది సిలిండ్రోపంటియా లెప్టోకాలిస్. చోయాల్లో బాగా సన్నని కాడలు దీనివే. చలికాలంలో ఎర్రటి పళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి అక్కడ ఎడారి క్రిస్మస్ కాక్టస్ అంటారు. కొమ్మల నుంచి పొట్టి రెమ్మలు దాదాపు లంబంగా పొడుచుకుని వస్తాయి, తగిలితే చాలు ఊడిపోతాయి. మీ బూటుకు అతుక్కున్నది అలాంటి రెమ్మే.

దీన్ని పోలిన చోయాలు రెండున్నాయి. రామోసిస్సిమా కాడ మీద వజ్రాకారపు పలకలు పేర్చినట్టుంటాయి, కాయ ఎండి ముళ్లతో ఉంటుంది. అర్బుస్కులా కాడలు కాస్త లావు, కాయ పచ్చగానే ఉంటుంది. పళ్లు ఎర్రగా, కండగా, ముళ్లు లేకుండా ఉన్నాయంటే నాకు అనుమానం లేదు.

అడిగినవారు:
పళ్లకు ముళ్లు లేవు. ఒకటి ముట్టుకున్నాను కూడా. అప్పటి నుంచి వేలు చురచురమంటోంది.

జవాబు:
ముళ్లు లేకపోయినా చుక్కల్లో వెంట్రుకల్లాంటి గ్లాకిడ్లు ఉంటాయి. రుద్దకండి, విరిగి లోపలే ఉండిపోతాయి. మంచి వెలుతురులో సన్న పట్టకారుతో ఒక్కొక్కటీ లాగేయండి.