మూడు కీబోర్డులకి ఒకటే కీమ్యాప్ (ఏ కీ ఏం చేయాలో చెప్పే పట్టిక): ఎవరెవరు ఎలా నడిపిస్తున్నారు?

మూడుబోర్డులు:
ఆఫీసులో ప్లాంక్, ఇంట్లో కోర్న్, పోయిన నెల లిలీ58 కూడా టంకం పెట్టి లేపాను. గొడవేంటంటే కోర్న్ సింబల్ లేయర్‌లో (ఒక కీ పట్టి ఉంచితే మిగతా కీలు గుర్తులుగా మారే పొర) ఒక్క బ్రాకెట్ జరిపినా మిగతా రెండిట్లో మళ్లీ చేత్తో జరపాలి, బద్ధకిస్తే రెండు వారాల్లో మూడూ మూడు దారులు పడతాయి. నిన్న మీటింగ్‌లో అందరూ చూస్తుండగా అండర్‌స్కోర్ కోసం వెతుక్కున్నాను. వయాలో (కీలు మార్చుకునే యాప్‌లో) సేవ్ చేసిన ఫైల్ ఇంకో బోర్డులోకి ఎక్కట్లేదు. మీరంతా ఏం చేస్తున్నారు?

టంకంపొగ:
వయా ఫైల్ ఏ బోర్డుది ఆ బోర్డుకే. క్యూఎంకేలో (కీబోర్డ్ లోపల నడిచే ఫర్మ్‌వేర్) యూజర్‌స్పేస్‌కి, అంటే బోర్డులన్నిటి ఉమ్మడి కోడ్ పెట్టుకునే చోటికి వచ్చేయండి. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, ప్రతి బోర్డులో కీమ్యాప్ ఫోల్డర్‌కి కూడా అచ్చంగా అదే పేరు పెడితే రూల్స్, కాన్ఫిగ్ ఫైళ్లని బిల్డ్ తనే కలుపుకుంటుంది. "అచ్చంగా" అని ఎందుకన్నానంటే నేను ఒక బోర్డులో ఒక అక్షరం తప్పు కొట్టాను, హెడర్ ఇన్‌క్లూడ్ చేసి ఉంటే ఎర్రరైనా వచ్చేది, అదీ చేయలేదు, కంపైల్ శుభ్రంగా అయింది, కాంబోలు (కీలు కలిపి నొక్కితే పనిచేసేవి) మాత్రం ఒక్కటీ లేవు. రాత్రి రెండింటిదాకా స్విచ్‌లు పీకి చూశాను. ఇప్పుడు యూజర్‌స్పేస్‌ని క్యూఎంకే బయట వేరే రిపోగా పెట్టుకోవచ్చు, ఫోర్క్ (మొత్తం క్యూఎంకేకి సొంత కాపీ) మోయనక్కర్లేదు.

అడ్డవరస:
కోడ్ కలపడం సులువే, అసలు చిక్కు కీల లెక్కలో ఉంది. కోర్న్‌కి 42, ప్లాంక్‌కి 48, లిలీకి 58. నేను చేతికి ఐదేసి కీల చొప్పున మూడు వరసలు, అంటే 30 కీలు, మాక్రోలుగా (కోడ్‌లో పొడుగు ముక్కకి పెట్టే పొట్టి పేర్లు) ఒక హెడర్‌లో రాసుకున్నా. అంచు కీలు, బొటనవేలి కీలు మాత్రం ఏ బోర్డువి ఆ బోర్డు ఫైల్‌లో. కానీ ఐదు కీల మాక్రోని నేరుగా లేఅవుట్ మాక్రోలో పెడితే ప్రీప్రాసెసర్ (కంపైల్‌కి ముందు మాక్రోలు విప్పేది) దాన్ని ఒకటిగానే లెక్కపెట్టి, 42 కావాలి ఇన్నే ఇచ్చావ్ అని తిడుతుంది. మధ్యలో ఒక ర్యాపర్ మాక్రో ఉండాలి. అది లోపలివి ముందు విప్పి, తర్వాత అసలు లేఅవుట్‌కి అందిస్తుంది. ఒక్క లైనే, తెలియక వారం పోయింది.

మూడుబోర్డులు:
ర్యాపర్ పనిచేసింది, థాంక్స్ అన్నా! ఇప్పుడు ప్రాసెస్ రికార్డ్ యూజర్ (ప్రతి కీ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్) రెండు చోట్ల ఉందని లింకర్ ఏడుస్తోంది.

టంకంపొగ:
అది ఉమ్మడి ఫైల్‌లో ఒక్కటే ఉండాలి. దాన్నుంచి ప్రాసెస్ రికార్డ్ కీమ్యాప్ అని ఇంకో ఫంక్షన్‌ని పిలిచి, దానికి వీక్ అని (బోర్డు ఫైల్‌లో రాస్తే ఇది తప్పుకునేలా) పెట్టండి. ఏ బోర్డుకి ప్రత్యేకం కావాలో అక్కడ మాత్రం రాస్తే చాలు. ఇంకొకటి, లిలీలో ఉన్న కంట్రోలర్ ప్రో మైక్రో అయితే ఫర్మ్‌వేర్‌కి దక్కేది 28,672 బైట్లే. ఓఎల్‌ఈడీ (చిన్న తెర) బొమ్మల కోడ్ ఉమ్మడిలో పడేస్తే నిండిపోతుంది. కావాల్సిన బోర్డుకే కంపైలయ్యేలా ఇఫ్‌డెఫ్‌లో పెట్టండి, సైజు తగ్గించే ఎల్‌టీఓ ఆన్ చేయండి.

పొల్లుకొట్టు:
తెలుగు కొట్టేవాళ్లకి ఒక మాట. ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల కీబోర్డ్ అమరిక) 30 కీల లెక్క కుదరదు. ట అపాస్ట్రఫీ మీద, డ ఎడమ చదరపు బ్రాకెట్ మీద, ఒత్వం గ్రేవ్ కీ (`) మీద ఉంటాయి. ఇవి లేయర్‌లోకి పోతే "కొడుకు" అనడానికి రెండు కీల కోసం లేయర్‌లోకి పోవాలి. నేను బ్యాక్‌స్పేస్‌ని బొటనవేలికి దింపి అక్కడ బ్రాకెట్, ట్యాబ్ చోట గ్రేవ్ పెట్టా. కోర్న్‌కీ ప్లాంక్‌కీ చేతికి ఆరు నిలువు వరసలే కాబట్టి రెండిట్లో ఒకే చోట కుదిరాయి.

అసలు నరకం హోమ్ రో మాడ్స్, అంటే మధ్య వరస అక్షరాలని పట్టి ఉంచితే కంట్రోల్, షిఫ్ట్ లాంటివి అవడం. పొల్లు ఉండేది డీ మీద, నాకు డీ పట్టి ఉంచితే కంట్రోల్. త్త అంటే ఎల్, డీ, ఎల్. పర్మిసివ్ హోల్డ్ (పట్టి ఉండగా ఇంకో కీ నొక్కి వదిలితే హోల్డ్‌గా లెక్కించేది) ఆన్‌లో ఉండగా "అత్త" అని కొడితే కంట్రోల్ ఎల్ అయిపోయి అడ్రస్ బార్‌లోకి ఎగిరేది. కార్డల్ హోల్డ్ (రెండు కీలూ ఒకే చేతివైతే అక్షరంగానే ఉంచేది) కూడా కాపాడదు, ఎందుకంటే పొల్లు ఎడమచేతిది, హల్లులన్నీ దాదాపు కుడిచేతివి. ఫ్లో ట్యాప్ వచ్చాకే బతికాను, ముందు కీ తర్వాత వెంటనే నొక్కితే అది అక్షరంగానే పోతుంది. 150 మిల్లీసెకన్లు పెట్టుకున్నా. దీన్ని ఉమ్మడి కాన్ఫిగ్‌లోనే పెట్టండి.

వైర్లేనిది:
జెడ్‌ఎంకేలో (వైర్‌లెస్ బోర్డులకి వాడే ఇంకో ఫర్మ్‌వేర్) ఇదే పని రిక్వైర్ ప్రయర్ ఐడిల్ చేస్తుంది. కీమ్యాప్ ఫైల్‌లో కూడా ఇన్‌క్లూడ్ ఉంది, కాబట్టి ఉమ్మడి ముక్క వేరు చేయొచ్చు. కానీ క్యూఎంకే ఫైల్ తెచ్చి ఇందులో పెడతానంటే కుదరదు, మొత్తం మళ్లీ రాయాలి.

మూడుబోర్డులు:
మూడూ ఒకే దారికొచ్చాయి, లిలీ 28 వేలలో ఇరుక్కుని కూర్చుంది. ఓఎల్‌ఈడీలో పిల్లి బొమ్మ తీసేయాల్సి వచ్చింది, మా అమ్మాయి ఇంకా అలిగే ఉంది.